ఒక ఊపిరితిత్తితో పాడిన పాటలు

మేము ముగ్గురం కోయ ఉపాధ్యాయులం. ఒకే ఆశ్రమ పాఠశాలలో చదువుకున్నాం, ఒకే పళ్ళెంలో తిన్నాం, ఇప్పుడు భద్రాచలం ఏజెన్సీలో తలా ఒక బడిలో పాఠాలు చెబుతున్నాం. ఈ వ్యాసం కాగితం మీద పెట్టింది ఒకరి చెయ్యే. అయితే ఇందులో చెప్పబోయే తప్పు ముగ్గురిదీ. అందుకే మొదటి నుంచి చివరిదాకా ‘మేము’ అనే రాస్తున్నాం.

మా వైపు డోలు బాగా వాయించే కుర్రవాడు ఒకడున్నాడు. మాకు తమ్ముడి వరస. భూమి పండుగకైనా, పెళ్ళికైనా, ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవానికైనా అతను డోలు తగిలించుకుంటే చాలు, కొమ్ములు పెట్టుకున్నవాళ్ళ కాళ్ళు వాటంతట అవే లేస్తాయి. మా బడుల్లో ఏ సభ జరిగినా అతనికే కబురు పెట్టేవాళ్ళం. పోయినేడు ఆగస్టు 9న అతను డోలు లేకుండా వచ్చాడు. చంకలో చిన్న కీబోర్డు, చేతిలో ఒక స్పీకరు. వేదిక మీద బల్ల వేయించుకుని కూర్చుని, కోయ భాషలో ఒక నెమ్మది పాట మొదలుపెట్టాడు. వెనక కీబోర్డులోంచి సినిమా పాటల్లో వచ్చేలాంటి తాళం.

ఒక నిమిషం కాలేదు, వెనక వరసల్లోంచి “డోలేదిరా?” అని కేక. నవ్వులు. ముందు వరసలో గుండెల మీద బ్యాడ్జీలు పెట్టుకుని కూర్చున్న మేమూ నవ్వాం. మాలో ఒకరి చేతిలో మైకుంది. “తమ్ముడూ, ఇది మన పండుగ. మన కళ చూపించు, సినిమా పాటలు వద్దు” అన్నాడు. ఇంకో ఇద్దరం తల ఊపాం. కుర్రవాడు మారు మాట అనలేదు. తీగ పీకేశాడు, కీబోర్డు సంచిలో పెట్టుకున్నాడు. ఎవరిదో డోలు తెచ్చి మెళ్ళో వేస్తే అరగంట వాయించాడు. చప్పట్లు మారుమోగాయి. ఆ తర్వాత మేం ఎన్నిసార్లు కబురు పెట్టినా రాలేదు.

అప్పుడు మాకు అందులో తప్పు కనబడలేదు. అలిగాడులే అనుకున్నాం. తప్పు కనబడడానికి అమెరికాలో చనిపోయిన ఒక గిటారు వాద్యకారుడి కథ వినవలసి వచ్చింది. ఆ కథే ఇక్కడ చెబుతాం. (నిజానికి ఆయన చనిపోయింది డెన్మార్కులో. ఆ సంగతి తర్వాత.)

ముసురు పట్టిన సెలవు రోజుల్లో, ముగ్గురం ఒక ల్యాప్‌టాప్ ముందు చేరి ‘రంబుల్: ది ఇండియన్స్ హూ రాక్డ్ ది వరల్డ్’ అనే డాక్యుమెంటరీ చూశాం. 2017లో వచ్చింది. పాత పాఠ్యపుస్తకాలు ‘రెడ్ ఇండియన్లు’ అని పరిచయం చేసిన అమెరికా మూలవాసులు అక్కడి బ్లూస్, జాజ్, రాక్ సంగీతాల్లో ఎంత భాగమో చెప్పే చిత్రం అది. ఒకప్పుడు అక్కడి ప్రభుత్వం మూలవాసుల నృత్యాలనే నేరాల జాబితాలో చేర్చింది. 1883లో రాసిన నిబంధనలు అవి. తమ డప్పు తాము కొట్టుకుంటే రేషను ఆపేసేవాళ్ళు, జైల్లో పెట్టేవాళ్ళు. అలాంటి దేశంలో వాళ్ళ పిల్లలు గిటార్లు పట్టుకుని ఏం చేశారన్నది చిత్రం చెప్పే సంగతి. దాని పేరులో ఉన్న ‘రంబుల్’ ఒక వాయిద్య గీతం పేరు. వాయించినవాడు లింక్ రే.

లింక్ రే 1929 మే 2న నార్త్ కరోలినా రాష్ట్రంలోని డన్ అనే ఊళ్ళో పుట్టాడు. తల్లి షానీ తెగ మనిషి. చిన్నప్పుడే వెన్ను దెబ్బతిన్నది, అయినా వీధుల్లో నిలబడి దైవవాక్యం చెప్పేది, పాడేది. ముసుగులు వేసుకుని రాత్రిపూట వచ్చే కూ క్లక్స్ క్లాన్ మూకలకు నల్లవాళ్ళూ మూలవాసులూ భయపడి బతికిన ప్రాంతం అది. ఆ రాత్రుల్లో తల్లి పిల్లలను దాచిపెట్టేదని ఆయన పెద్దయ్యాక చెప్పుకున్నాడు. ఎల్విస్ ప్రెస్లీ కూడా పేదవాడే గదా అని ఎవరైనా అంటే, అతనిది తెల్లవాడి పేదరికం, మాది షానీ పేదరికం అనేవాడట. ఈ మాట విన్నప్పుడు మాలో ఒకరు లేచి బయటకు వెళ్ళి వచ్చారు. హాస్టల్లో ‘మేమూ పేదవాళ్ళమే’ అన్న మైదానపు పిల్లలతో ఏం చెప్పాలో తెలియక ఊరుకున్న రోజులు మాకు గుర్తొచ్చాయి.

ఎనిమిదేళ్ళ వయసులో ఆయనకు గిటారు చూపించినవాడు సర్కస్‌తో పాటు ఊళ్ళు తిరిగే ఒక నల్లజాతి వాద్యకారుడు. అందరూ అతన్ని హ్యాంబోన్ అని పిలిచేవాళ్ళు. తర్వాత కుటుంబం పనులు వెతుక్కుంటూ వర్జీనియాకు, అక్కడి నుంచి రాజధాని వాషింగ్టన్ వైపుకు జరిగింది. అన్న వెర్నన్, తమ్ముడు డగ్, లింక్ కలిసి బ్యాండు కట్టారు. లింక్ పాడేవాడు కూడా. కొరియా యుద్ధం రోజుల్లో సైన్యంలో చేరాడు. అక్కడ క్షయ పట్టుకుంది. ఏడాది పాటు ఆసుపత్రి మంచం. చివరికి ఒక ఊపిరితిత్తి తీసేశారు. ఇక జన్మలో పాడలేవు అన్నారు డాక్టర్లు.

క్షయ అంటే ఏమిటో మన గూడేల్లో ఎవరికీ విడమరచి చెప్పనవసరం లేదు. ఆరు నెలల మందులు మింగినవాళ్ళు, మధ్యలో ఆపేసినవాళ్ళు, దగ్గుతూ పోయినవాళ్ళు ప్రతి గూడెంలోనూ ఉన్నారు. మేం చెప్పదలచిందల్లా ఇంతే: పాడే మనిషి గొంతు వదిలి గిటారు పట్టుకున్నది ఇష్టం కొద్దీ కాదు. ఊపిరి సగమైంది గనుక పట్టుకున్నాడు.

ఆ గిటారులోంచి వచ్చిందే ‘రంబుల్’. వర్జీనియాలోని ఫ్రెడరిక్స్‌బర్గ్‌లో కుర్రకారు డ్యాన్సు సభ జరుగుతోంది. అప్పట్లో ‘స్ట్రోల్’ అనే నడక డ్యాన్సు బాగా నడుస్తోంది. దానికి తగిన పాట వాయించమని నిర్వాహకుడు అడిగాడు. వీళ్ళకు ఆ పాట రాదు. తమ్ముడు డ్రమ్ముల మీద ఒక మంద తాళం అందుకుంటే, లింక్ అక్కడికక్కడే బరువుగా మూడు దెబ్బలు వేసి, ఆగి, మళ్ళీ వేశాడు. జనం ఊగిపోయి దాన్నే నాలుగుసార్లు వాయించమన్నారు. ఆ తర్వాత రికార్డు చేయబోతే స్టూడియోలో ఆ మోత రాలేదు. స్పీకరు మరీ శుభ్రంగా పలుకుతోంది. లింక్ ఒక పెన్సిలు తీసుకుని స్పీకరు కాగితానికి తూట్లు పొడిచాడు. చిరిగిన డప్పు ఎలా బుర్రుమంటుందో, ఆ స్పీకరు అలా పలికింది.

1958లో రికార్డు విడుదలైంది, అమెరికా పాటల పట్టికలో 16వ స్థానం దాకా పోయింది. ‘రంబుల్’ అంటే వాళ్ళ వీధి భాషలో ముఠాల కొట్లాట. ఈ పాట వింటే కుర్రాళ్ళు కొట్టుకుంటారని కొన్ని నగరాల రేడియోలు దాన్ని ఆపేశాయి. గమనించండి, అందులో ఒక్క మాట కూడా లేదు. మాటలు లేని పాటను నిషేధించారు!

సంగీతం తెలియని పిల్లలకు ఇందులో సంగతేమిటో మేం ఇలా చెబుతున్నాం. మామూలుగా గిటారు మీద ఒకేసారి మోగించే స్వరాల గుంపులో స, గ, ప మూడూ ఉంటాయి. సంతోషమో విషాదమో చెప్పేది మధ్యలో ఉండే గ. దాన్ని వదిలేసి స, ప రెండే గట్టిగా మోగిస్తే అది నవ్వూ కాదు, ఏడుపూ కాదు, ఒక దెబ్బ. దానికి చిరుగు మోత తోడైతే గోడ కూలినట్టుంటుంది. దీన్ని పవర్ కార్డ్ అంటారు. దాన్ని జనంలోకి తెచ్చినవాడని లింక్ రేకు పేరు. ఇవాళ హెవీ మెటల్ అని మన ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలు కూడా నల్ల చొక్కాలు వేసుకుని వినే సంగీతమంతా ఆ దెబ్బ మీద కట్టిన ఇల్లే. లెడ్ జెప్లిన్ గిటారిస్టు జిమ్మీ పేజ్ 2008 నాటి ఒక డాక్యుమెంటరీలో ‘రంబుల్’ రికార్డు పెట్టుకుని, చేతిలో గిటారు లేకుండానే గాలిలో వాయిస్తూ చిన్నపిల్లాడిలా నవ్వుతాడు. ద హూ బ్యాండుకు చెందిన పీట్ టౌన్‌షెండ్ ఈ పాట లేకపోతే తాను గిటారే పట్టేవాణ్ణి కాదని రాశాడు.

ఇంతవరకూ ఆయన కథ అందరికీ ఇష్టమైన కథే. అవమానాలు పడ్డ తెగలోంచి ఒకడు లేచి ప్రపంచానికి ఒక శబ్దం ఇచ్చాడు. సభల్లో చెప్పుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి? మేమూ అక్కడితో ఆపి పిల్లలకు చెప్పేసేవాళ్ళమే. కానీ డాక్యుమెంటరీ అయ్యాక అలవాటు కొద్దీ ఆయన పాటలు వరసగా వింటూ పోయాం. ‘రా-హైడ్’, ‘కమాంచీ’, ‘షానీ’, ‘అపాచీ’. చివరి మూడూ తెగల పేర్లే. అన్నీ ఉరుములే. అలా వింటూ 1971 నాటి ఒక ఆల్బమ్ దగ్గరికి వచ్చాం. పేరు ఏమీ లేదు, ‘లింక్ రే’ అని తన పేరే పెట్టాడు. అట్ట మీద పక్కనుంచి తీసిన ముఖం, పొడుగు జుట్టు, మూలవాసి అని చూడగానే తెలిసేలా. పాట మొదలైంది. మాలో ఒకరు “తప్పు ఆల్బమ్ పెట్టావురా” అన్నారు.

ఉరుము లేదు. ఎవరో ఒకాయన బొంగురు గొంతుతో పాడుతున్నాడు. పియానో, మాండొలిన్, వెనక నలుగురు కలిసి గొంతు కలపడం. పొలాల్లో పాడుకునే కంట్రీ పాటలా ఒకటి, చర్చిలో చప్పట్లు కొడుతూ పాడే పాటలా ఇంకొకటి. ఆ బొంగురు గొంతు ఆయనదే. పాడలేవు అని డాక్టర్లు చెప్పిన మనిషి, 42 ఏళ్ళ వయసులో, ఒక్క ఊపిరితిత్తితో, పదకొండు పాటల ఆల్బమ్‌లో మొదటి నుంచి చివరిదాకా పాడాడు. అంతకుముందు కూడా అప్పుడప్పుడూ ఒకటీ అరా పాడాడు గానీ, ఇలా గొంతు మీదే మొత్తం బరువు పెట్టి ఎప్పుడూ నిలబడలేదు.

అది రికార్డు చేసిన చోటు గురించి తెలుసుకున్నాక మాకు మతిపోయింది. మేరీల్యాండ్ రాష్ట్రం అకోకీక్ అనే పల్లెలో వాళ్ళ కుటుంబానికి పొలం ఉంది. అందులో ఒక కోళ్ళ గూడు. అన్నదమ్ములు దాన్నే బాగుచేసి స్టూడియో చేసుకున్నారు. పెద్ద స్టూడియోల్లో అప్పటికే పదహారు ట్రాకుల యంత్రాలు వచ్చేశాయి. వీళ్ళ దగ్గర ఉన్నది మూడు ట్రాకులది. అందుకే దానికి ‘రే గారి మూడు ట్రాకుల పాక’ అనే అర్థం వచ్చే పేరు పెట్టుకున్నారు. డ్రమ్ముల మోత పాకకు ఎక్కువైతే నేల మీద కాళ్ళతో తొక్కి తాళం వేశారు. డబ్బాలో మేకులు పోసి ఆడించారు. గిటారు మోత ఎక్కువైతే దాని స్పీకరును పెరట్లో పెట్టి, కిటికీలోంచి మైకుతో పట్టుకున్నారు. పాకలో కోళ్ళ వాసన ఇంకా పోయి ఉండదని మాలో ఒకరి అభిప్రాయం.

ఆల్బమ్ తెచ్చింది పోలీడార్ అనే పెద్ద కంపెనీ. అయినా జనం కొనలేదు. అమెరికా ఆల్బమ్‌ల పట్టికలో 186వ స్థానం దాకా పాకి, కొన్ని వారాల్లో జారిపోయింది. ‘రంబుల్’ కోసం వచ్చినవాళ్ళకు ఇందులో ‘రంబుల్’ లేదు. కంట్రీ పాటలు వినేవాళ్ళకు ఈయన తమవాడు కాదు, కొట్లాట పాటల మనిషి. అదే పాకలో చేసిన పాటలు మరో రెండు ఆల్బమ్‌లుగా వచ్చాయి, వాటి గతీ అంతే. 1977కల్లా ఆయన రాబర్ట్ గోర్డన్ అనే గాయకుడి పక్కన మళ్ళీ పాత మోత గిటారు పట్టుకుని నిలబడ్డాడు. జనం మళ్ళీ వచ్చారు. ఇక బతికినన్నాళ్ళూ వేదిక ఎక్కితే ‘రంబుల్’ వాయించవలసిందే.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి పాత సంగతి ఒకటి చెప్పాలి. ‘రంబుల్’ తర్వాత ఎపిక్ అనే కంపెనీ ఆయన్ను తీసుకుంది. ఈ మోటు మనిషిని కాస్త శుభ్రం చేద్దామనుకుని, వయొలిన్లూ ఆర్కెస్ట్రా పెట్టి ‘క్లేర్ ద ల్యూన్’, ‘డానీ బాయ్’ లాంటి మెత్తటి బాణీలు వాయింపజేసింది. అవీ ఆడలేదు. పైకి చూస్తే రెండూ ఒకటే కథ. మోత మనిషి మెత్తటి పాటల జోలికి పోయి దెబ్బతిన్నాడు, రెండుసార్లూ. మేమూ మొదట అలాగే లెక్కకట్టాం. రెండు రోజులు వాదించుకున్నాక తేడా తెలిసింది. మొదటిసారి ఆ మెత్తదనం కంపెనీది. రెండోసారి అది వాళ్ళమ్మది.

ఎలా అంటారా? ఆ ఆల్బమ్‌లో ‘టేక్ మీ హోమ్ జీసస్’ అని ఒక పాట ఉంది. వీధిలో నిలబడి పాడిన తల్లి కొడుకు పాడే పాట అది. ‘బ్లాక్ రివర్ స్వాంప్’ అని ఇంకొకటి, పుట్టిన ఊరి వైపు చిత్తడి నేల పేరు మీద. ‘ఫాలిన్ రెయిన్’ వాన గురించిన పాటలా మొదలై, యుద్ధాల కాలం గురించి ఏడుస్తుంది. డాబ్రో అనే పడుకోబెట్టి జార్చి వాయించే గిటారు చాలా చోట్ల వినబడుతుంది. హ్యాంబోన్ ఎనిమిదేళ్ళ పిల్లాడికి చూపించిందీ జార్చి వాయించడమే. అంటే అందరూ ‘ఇదేమిటి కొత్తగా’ అన్నది నిజానికి ఆయన దగ్గరున్న అన్నిటికంటే పాత సరుకు. అందరూ ‘ఇదే నీ అసలు శబ్దం’ అన్న మోత, జబ్బు చేసి గొంతు పోయాక చేతికి దొరికినది. రెండూ ఆయనవే, అందులో మాకు అనుమానం లేదు. కానీ ఏది ముందు, ఏది తర్వాత అన్నది వినేవాళ్ళు తలకిందులుగా పట్టుకున్నారు.

అన్ని పాటలూ గొప్పవని మేం చెప్పం. ఒకటి రెండు ఎటూ పోకుండా సాగుతాయి. ఒకచోట గొంతు అందక కేకలా మారుతుంది. మాలో ఒకరికి ఇప్పటికీ ‘రంబుల్’ ముందు ఇవి నిలవవనే నమ్మకం. ఆ మాట అనే హక్కు వినేవాడికి ఉంది. నచ్చకపోవడం తప్పు కాదు. ‘ఇది నీది కాదు’ అనడం వేరే సంగతి. పాడేవాడి అమ్మ ఎవరో, ఆమె ఏం పాడేదో తెలియకుండా ఆ మాట ఎవరైనా ఎలా అంటారు?

ఈ వాక్యం దగ్గరికి వచ్చేసరికి మేం ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

ఉపాధ్యాయ మిత్రులకు ఇక్కడ ఒక మాట. మన బడులకు అధికారులో అతిథులో వస్తున్నారంటే మనం ఏం చేస్తాం? పిల్లలకు కొమ్ములు కట్టి, ఈకలు పెట్టి, రేల పాటకు చిందు వేయిస్తాం. చిన్నప్పుడు మాచేతా వేయించారు. అతిథులు ఫోటోలు తీసుకునేవాళ్ళు. మాకు అది ఇష్టమే, అబద్ధమెందుకు. ఇంట్లో మా అవ్వలతో కలిసి వేసిన చిందు అది. అయితే మాలో ఒకరికి ఎనిమిదో తరగతిలో లెక్కల మీద ఒక ఏకపాత్రాభినయం చేయాలని ఉండేది, రాసుకున్నాడు కూడా. “నువ్వు రేలలో ఉండు, అదే మీకు బాగుంటుంది” అన్నారు. ఆ ‘మీకు’ అన్న మాట ముప్పై ఏళ్ళయినా చెవిలో ఉంది. అదే మనిషి పోయినేడు మైకు పట్టుకుని “మన కళ చూపించు” అన్నాడు. బయటివాళ్ళు ‘మీకు’ అన్నదాన్ని మేం ‘మన’ అని మార్చాం, అంతే మార్పు.

లింక్ రే 1980 ప్రాంతంలో డెన్మార్కుకు వెళ్ళిపోయాడు. అక్కడే పెళ్ళి చేసుకుని, అక్కడే స్థిరపడి, 2005 నవంబరు 5న కోపెన్‌హేగెన్‌లో కన్నుమూశాడు. 2008లో అమెరికా జాతీయ గ్రంథాలయం భద్రపరచవలసిన శబ్దాల జాబితాలో ‘రంబుల్’ను చేర్చింది. 2023లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయన పేరు చేరింది. పోయాక వచ్చిన గౌరవాలన్నీ ఆ మోతకే. కానీ కోళ్ళ గూటి పాటలు పూర్తిగా చచ్చిపోలేదు. న్యూ ఆర్లీన్స్‌కు చెందిన నెవిల్ బ్రదర్స్ అనే నల్లజాతి అన్నదమ్ముల బృందం 1989లో ఆ ఆల్బమ్‌లోని ‘ఫైర్ అండ్ బ్రిమ్‌స్టోన్’ను, మరుసటి ఏడాది ‘ఫాలిన్ రెయిన్’ను తమ గొంతుతో పాడి రికార్డు చేశారు. ఒక నల్లజాతి మనిషి చేతిలోంచి ఆ పిల్లాడికి వచ్చిన సంగీతం, యాభై ఏళ్ళకు మళ్ళీ నల్లజాతి ఇంటికి పోయింది. ‘మాది’, ‘మీది’ అని గట్లు వేసుకునే మాకు ఈ ప్రయాణం ఇంకా పూర్తిగా మింగుడు పడలేదు. దాని మీద మా ముగ్గురిలో మూడు అభిప్రాయాలున్నాయి.

ఈ మధ్య ఒక ఆదివారం ముగ్గురం కలిసి కొత్తగూడెం పోయాం. మా తమ్ముడు అక్కడ సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టులో పనిచేస్తున్నాడు. మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు, కుర్చీలు తుడిచి వేశాడు, టీ చెప్పాడు. చాలాసేపు వానల గురించి, ఇప్పపువ్వు ధర గురించి మాట్లాడాం. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు. చివరికి మైకు పట్టుకున్న మనిషే “ఆ రోజు పాట సగంలో ఆగింది, మిగతాది వినాలని ఉంది తమ్ముడూ” అన్నాడు.

“ఇప్పుడెందుకు సార్” అన్నాడు. మామూలుగా ‘అన్నా’ అనేవాడు. ‘సార్’ అనడం మాకు గుచ్చుకుంది.

కాసేపటికి తనే చెప్పాడు. “మీరు సినిమా పాట అన్నారు గదా సార్, అది నిజమే. బాణీ సగం సినిమాదే, నాకిష్టమైన పాట ఒకటి ఉంది, దాన్నుంచే వచ్చింది. మాటలు మాత్రం అమ్మవి. తునికాకు కట్టలు కట్టేటప్పుడు యాభై ఆకులు లెక్క తప్పకుండా పాడుకునేది. ఆమెది డోలు మీదికి రాదు సార్. డోలు మీద పెడితే అమ్మ గొంతు వినబడదు.”

వాళ్ళమ్మ మాకూ తెలుసు. ఆమె కట్టిన కట్టలు మోసి కల్లంలో దించిన వేసవులు మాకూ ఉన్నాయి. ఆమె పాడుతుందని మేం ఎప్పుడూ గమనించలేదు. ఆమె పోయి రెండేళ్ళయింది. అంటే పోయినేడు ఆ వేదిక మీద అతను పాడబోయినది ఆమె పోయాక వచ్చిన మొదటి ఆగస్టులో.

ఏమనాలో తెలియక, లింక్ రే సంగతి చెప్పాం. ఫోనులో ‘ఫాలిన్ రెయిన్’ పెట్టాం. కొట్టులో రెండు ఫోన్లు మోగుతున్నా పట్టించుకోకుండా విన్నాడు. “గొంతు ఆగి ఆగి వస్తోంది, ఎందుకు?” అని అడిగాడు. ఒక ఊపిరితిత్తి లేదని చెప్పాం. “అయినా దగ్గర మైకు పెట్టి భలే పట్టారు” అన్నాడు. కోళ్ళ గూడు అనగానే నవ్వాడు. ఎన్ని ట్రాకులు, ఏం యంత్రం అని తరచి తరచి అడిగాడు. మాకు తెలిసింది చెప్పాం. ‘రంబుల్’ కూడా పెట్టబోతే, “అది తెలుసు సార్, ‘పల్ప్ ఫిక్షన్’ సినిమాలో ఉంది” అన్నాడు. మాకు తెలియదు!

ఈ ఆగస్టు 9కి రమ్మని అడిగాం. కీబోర్డుతోనే రమ్మన్నాం. వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు. “జనం మళ్ళీ డోలేదిరా అంటే?” అని మాత్రం అడిగాడు. మైకు మా చేతిలోనే ఉంటుంది గదా అన్నాం. అతను మమ్మల్ని ఒకసారి చూసి, స్క్రూడ్రైవరు తీసుకుని బల్ల మీది ఫోను విప్పడం మొదలుపెట్టాడు. టీ డబ్బులు మమ్మల్ని ఇవ్వనివ్వలేదు.